కువైట్‌కు కొత్తగా వస్తున్నవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు: ఏజెంటు చెప్పని సంగతులు

మా రాజంపేట వైపు కువైట్‌ను ‘కోయిటు’ అంటారు. ఏ వీధికి వెళ్లినా కోయిటులో మనిషి ఉన్న ఇల్లు ఒకటైనా తగులుతుంది. అయినా వీసా చేతికి రాగానే ఊరివాళ్లు ఫోన్ చేసి అడిగేవి మళ్లీ అవే ప్రశ్నలు. జీతం, ఎండ ఈ రెండింటి గురించి ఏజెంటు ఎలాగూ చెప్తాడు. మొదటిది పెంచి, రెండోది తగ్గించి. అతను చెప్పనివీ, వచ్చిన మొదటి ఏడాదిలో మనిషిని తికమక పెట్టేవీ ఇక్కడ రాస్తున్నాను. నేను 2011లో వచ్చాను, ఒక కంపెనీలో స్టోర్‌కీపర్‌ని. ఇళ్లల్లో పనుల సంగతులు మాత్రం మా పిన్ని చెప్పినవి. ఆమె నాకంటే ముందునుంచీ ఇక్కడే ఉంది.

ఎండ నిజంగా అంత ఉంటుందా? మనకు కడప ఎండలు అలవాటే కదా?

అందరూ ఇదే ధీమాతో వస్తారు. నేనూ అలాగే వచ్చాను. 2016 జూలై 21న ఇక్కడి మిత్రిబా అనే చోట 53.9 డిగ్రీలు నమోదైంది. ప్రపంచంలో లెక్కకెక్కిన అతి పెద్ద ఉష్ణోగ్రతల్లో అదొకటి. అది ఒక్కరోజు సంగతి అనుకున్నా, జూన్ నుంచి ఆగస్టు దాకా 48, 49 అంటే ఇక్కడ ఎవరూ తలెత్తి చూడరు.

అసలు తేడా పగలు కాదు, రాత్రి తెలుస్తుంది. మన దగ్గర పొద్దుగూకాక మిద్దె మీద నీళ్లు చల్లి చాప వేసుకుంటే ఏదో ఒక గాలి తగులుతుంది. ఇక్కడ జూలైలో అర్ధరాత్రి గాలి వీచినా ఇటుకల బట్టీ పక్కన నిలబడ్డట్టే ఉంటుంది. అందుకే ఏసీ ఆగితే ఇల్లు వదిలి కారులో కూర్చుంటారు.

జూన్ 1 నుంచి ఆగస్టు 31 వరకు పగలు 11 నుంచి సాయంత్రం 4 దాకా బయట ఎండలో పని చేయించకూడదని ప్రభుత్వ నియమం. ఆ వేళలో పని చేయిస్తుంటే ఫిర్యాదు చేయొచ్చు.

చెప్తే నవ్వుతారు గానీ, మొదటి ఎండాకాలంలో నాకు జబ్బు చేసింది చలితో. బయట 48, ఆఫీసు లోపల 19. రోజుకు పదిసార్లు లోపలికీ బయటికీ తిరిగితే జలుబు వదల్లేదు. ఎండాకాలంలో వచ్చేవాళ్లు కూడా సంచిలో ఒక స్వెటర్ పెట్టుకోండి.

కారు నడిపేవాళ్లకు ఇంకో మాట. పార్క్ చేసిన కారులో సెంటు సీసా, లైటర్, పవర్ బ్యాంకు వదిలెయ్యొద్దు. సీటు బెల్టు ఇనుప కొస చేతికి తగిలితే చుర్రుమంటుంది. బ్యాటరీ రెండు ఎండాకాలాలు గట్టెక్కితే గొప్పే.

చన్నీళ్ల కొళాయి తిప్పితే వేడినీళ్లు వస్తాయట. నిజమేనా?

నిజం. ఈ దేశంలో నది లేదు, చెరువు లేదు. వాడుకునే నీళ్లు దాదాపు అన్నీ సముద్రపు నీళ్లలో ఉప్పు తీసినవే. అవి మేడ మీది ట్యాంకులోకి ఎక్కి, అక్కడ పొద్దంతా కాగి, మన బాత్రూములోకి దిగుతాయి. మే నెల నుంచి మధ్యాహ్నం పూట చన్నీళ్ల కొళాయి కింద చెయ్యి పెట్టలేం.

దానికి ఇక్కడి ఉపాయం ఇది. మే రాగానే గీజర్ స్విచ్ ఆపేస్తారు. గీజర్ బాత్రూములోనే, గది చల్లదనంలోనే ఉంటుంది కాబట్టి అందులో నీళ్లు ఒక రాత్రి నిలిస్తే ఎంతో కొంత చల్లబడతాయి. అప్పుడు ఎర్ర గుర్తున్న కొళాయి తిప్పితే చన్నీళ్లు, నీలం గుర్తున్న కొళాయి తిప్పితే వేడినీళ్లు. రూములో ఆరుగురుంటే మొదటి ఇద్దరికే ఆ చన్నీళ్లు దక్కుతాయి. మిగతావాళ్లు ముందురోజు రాత్రి బకెట్టు నింపి పెట్టుకోవాలి. ఆ బకెట్టు గురించి జరిగినన్ని గొడవలు మా రూములో డబ్బు గురించి కూడా జరగలేదు.

అక్టోబరు చివర్లో ఎవడో ఒకడు మర్చిపోయి గీజర్ ఆన్ చేయకుండా వదిలేస్తాడు. తెల్లారుజామున బాత్రూములోంచి కేక వినబడితే చలికాలం వచ్చిందని లెక్క.

బిల్లు మీద 1.250 అని ఉంది. వెయ్యిన్నీ రెండు వందల యాభయ్యా?

కాదు, ఒక దినారు 250 ఫిల్స్. దినారుకు వంద పైసలు కాదు, వెయ్యి ఫిల్స్. అందుకే చుక్క తర్వాత మూడు అంకెలు ఉంటాయి. పావు దినారుకూ అర దినారుకూ కూడా నోట్లు ఉన్నాయి. అరబ్బీలో పావును ‘రుబా’ అంటారు, అరను ‘నుస్’ అంటారు. బకాలాలో, అంటే చిన్న కిరాణా కొట్టులో, ఈ రెండు మాటలు తెలిస్తే చాలావరకు పని జరిగిపోతుంది.

మొదటి ఆరు నెలలు ప్రతిదాన్నీ రూపాయల్లోకి మార్చి చూసుకుంటారు. వంద ఫిల్స్ చాయ్‌ను ఇరవై ఏడు రూపాయలకు పైనే అని లెక్కేసి మానేస్తారు. ఆ లెక్కన చూస్తే క్షవరం కూడా చేయించుకోలేం. ఒక్క పెట్రోలు దగ్గరే ఈ లెక్క సంతోషపెడుతుంది. 2016లో ధర పెంచాక కూడా మామూలు పెట్రోలు లీటరు 85 ఫిల్సే. కాకపోతే పోయించుకోవడానికి మన దగ్గర కారుండదు.

అరబ్బీ అంకెలు నేర్చుకోవాలా?

రెండు రోజుల పని, తప్పకుండా నేర్చుకోండి. చిక్కంతా మనకు తెలిసినట్టే కనబడే అంకెలతో. మన సున్నాలా గుండ్రంగా ఉండేది అక్కడ ఐదు. అసలు సున్నా అంటే చిన్న చుక్క. మన 7 లాంటిది వాళ్ల ఆరు. వాళ్ల ఏడు గరాటులా పైకి తెరుచుకుని ఉంటుంది, దాన్ని బోర్లిస్తే ఎనిమిది. నాలుగు చూడడానికి తిరగేసిన 3. నేను వచ్చిన వారంలో చీటీ మీద రాసిన 50 చూసి, సున్నా పక్కన చుక్క ఎందుకుందా అని స్టోరంతా వెతికాను.

ఇంకొకటి. అక్షరాలు కుడి నుంచి ఎడమకు రాస్తారు గానీ, అంకెలు మాత్రం మనం చదివినట్టే ఎడమ నుంచి కుడికి చదవాలి.

నాకు పెళ్లయి ఇద్దరు పిల్లలున్నారు. ఇల్లు అద్దెకిచ్చేవాడు ‘బ్యాచిలర్’ అంటున్నాడేంటి?

ఇక్కడ బ్యాచిలర్ అంటే పెళ్లికానివాడని కాదు, కుటుంబం పక్కన లేనివాడని. అరవై ఏళ్ల తాతయ్య కూడా బ్యాచిలరే. కువైటీ కుటుంబాలు ఉండే ప్రాంతాల్లో బ్యాచిలర్లకు ఇళ్లు ఇవ్వకూడదు. అందుకే మనవాళ్లంతా జలీబ్‌లోని హసావీ, అబ్బాసియా, ఇంకా ఫర్వానియా, ఖైతాన్, మహబూలా, మంగాఫ్ లాంటి చోట్ల చేరతారు. కుటుంబాన్ని తెచ్చుకోవాలంటే జీతం ప్రభుత్వం పెట్టిన హద్దు దాటాలి. అది దాటనివాళ్లే మనలో ఎక్కువ.

అద్దెకు దొరికేది గది కాదు, ‘బెడ్ స్పేస్’. అంటే ఒక మంచం, గోడకు రెండు మేకులు, ఫ్రిజ్‌లో ఒక అర. మంచం చూసేముందు మెట్లు చూడండి. గదిని చెక్కలతో, అట్టలతో అడ్డంగా విడగొట్టి ఇస్తున్నారా, బయటికి దారి ఎక్కడుంది, మేడ మీది తలుపు తాళం వేసి ఉంటుందా అని అడగండి. 2024 జూన్ 12 తెల్లవారుజామున మంగాఫ్‌లో కార్మికులు ఉండే ఒక భవనంలో మంటలు లేచి 40 మందికి పైగా భారతీయులు చనిపోయారు. వాళ్లలో మన ఆంధ్రవాళ్లు ముగ్గురు. పది దినార్లు తక్కువకు వస్తుందని దారి లేని గదిలో చేరొద్దు.

వారం సెలవు ఎప్పుడు? పండగలు ఎలా చేసుకుంటారు?

శుక్ర, శనివారాలు సెలవు. వారం ఆదివారంతో మొదలవుతుంది. 2007కు ముందు గురు, శుక్రవారాలు సెలవుండేవట. పాతవాళ్లు ఇప్పటికీ నోరుజారి గురువారాన్ని సెలవంటారు. ప్రైవేటు కంపెనీల్లో, ఇళ్లల్లో చాలామందికి దక్కేది శుక్రవారం ఒక్కటే.

అందుకని ఇక్కడ తెలుగువాళ్ల పంచాంగంలో ఉన్నది ఒకటే తిథి, శుక్రవారం. ఉగాది మంగళవారం వస్తే పచ్చడి ఆ రోజు రూములో చేసుకుని, పండగ వచ్చే శుక్రవారం ఏదో ఒక హాలులో చేస్తారు. బతుకమ్మదీ, సంక్రాంతి ముగ్గులదీ అదే దారి. బహిరంగంగా గుళ్లు లేవు, పూజలు ఇళ్లల్లోనే. కువైట్ సిటీలో చర్చిలున్నాయి, తెలుగు సంఘాలూ ఉన్నాయి. గోదావరి జిల్లాల అక్కచెల్లెళ్లు శుక్రవారం తెల్ల చీరలు కట్టుకుని బస్సెక్కుతుంటే ఆదివారమని పొరబడతాం. ఇక్కడ ఆరాధన కూడా ఎక్కువగా శుక్రవారమే.

మధ్యాహ్నం ప్రార్థన అయ్యేదాకా కొట్లు మూతపడి ఊరంతా నిద్రపోతున్నట్టు ఉంటుంది. సాయంత్రానికి సిటీలోని మాలియా అనే చోటికి వెళ్లండి. పక్క ఊరివాడు, చిన్ననాటి స్నేహితుడు, అప్పు తీసుకుని తప్పించుకు తిరుగుతున్నవాడు, అందరూ అక్కడే తగులుతారు.

క్లినిక్‌లో నా పేరు పిలవనే లేదు. ఎందుకు?

పిలిచే ఉంటారు, మీకే తెలిసుండదు. అరబ్బీ రాతలో ‘ప’ లేదు, ‘బ’ ఉంది. ‘చ’ కూడా లేదు. పెంచలయ్య అనే పేరుంటే అది ‘బెన్షలయా’ అవుతుంది. పుల్లయ్య బుల్లయ్య అవుతాడు. పైగా మన పాస్‌పోర్టులో ఇంటిపేరు ఒకచోట, పేరు ఒకచోట, కొందరికి తండ్రి పేరు కూడా కలిసి ఉంటాయి. వాళ్లు ఏ ముక్క పట్టుకుంటారో చెప్పలేం. ఇంటిపేరుతోనో నాన్న పేరుతోనో పిలుస్తారు. మా నాన్న ఈ దేశం మొహం చూడలేదు గానీ, ఇక్కడి ఆఫీసుల్లో నా పేరు కంటే ఆయన పేరే ఎక్కువ మోగింది. కౌంటర్ దగ్గర టోకెన్ నంబరు చూసుకోండి, పేరు కోసం కాచుక్కూర్చోవద్దు.

‘బతాకా’ అంటే ఏమిటి? అది లేకపోతే ఏమవుతుంది?

సివిల్ ఐడీ కార్డు. ఆసుపత్రికి, బ్యాంకుకు, సిమ్‌కు, డబ్బు పంపడానికి, రోడ్డు మీద పోలీసుకు, అన్నింటికీ అదే. ఇప్పుడు ఫోన్‌లోనూ చూపించొచ్చు. ప్రభుత్వ పనులు చాలావరకు ‘సహెల్’ అనే యాప్‌లోకి వచ్చేశాయి, వచ్చిన వెంటనే ఎక్కించుకోండి.

దాని నంబరులో 12 అంకెలుంటాయి. మొదటి అంకె శతాబ్దం. 1900ల్లో పుట్టినవాళ్లకు 2, 2000 నుంచి పుట్టినవాళ్లకు 3. తర్వాత ఆరు అంకెలు పుట్టిన ఏడాది, నెల, రోజు. అంటే నంబరు చెప్తే వయసు చెప్పినట్టే, దాచడానికి లేదు. ఇందులో మన తెలుగువాళ్ల ముచ్చట ఒకటుంది. ఆ కాలంలో బడిలో వేసినప్పుడు పంతులుగారు ఏదో తేదీ రాసేసేవారు కదా. మా పాత రూములో ఏడుగురిలో నలుగురి పుట్టినరోజు జూలై 1. ఆ రోజు బ్యాంకు నుంచి శుభాకాంక్షల మెసేజ్‌లు వరసగా టింగుటింగుమంటాయి. నిజంగా ఎప్పుడు పుట్టారో నలుగురికీ తెలియదు.

నేను మాట్లాడుతుంటే కఫీల్ (వీసా ఇచ్చిన యజమాని) వేళ్లన్నీ దగ్గరికి చేర్చి చూపించాడు. భోజనానికి పిలుస్తున్నాడా?

లేదు. అయిదు వేళ్ల కొసలూ ఒకచోటికి చేర్చి, పైకి పెట్టి, చెయ్యి మెల్లగా ఆడిస్తే ‘ఆగు, ఓపిక పట్టు’ అని అర్థం. మనకు అదే ముద్ర నోటి వైపు వెళ్తే అన్నం. మా డ్రైవర్ అన్న ఒకరు మొదటి నెలలో ఇలాగే ‘లేదు సార్, తినే వచ్చాను’ అని జవాబిచ్చాడు.

మాటల్లో కూడా ఇలాంటివి ఉన్నాయి. ‘బుక్రా’ అంటే నిఘంటువులో రేపు. వాడుకలో అయితే ‘ఇవాళ మాత్రం కాదు’ అని. ‘ఇన్షా అల్లా’ను దైవం తలిస్తే అన్న భక్తితో అనేవాళ్లు చాలామంది. అదే మాట ఆఫీసులో జీతం పెంపు గురించి అడిగినప్పుడు వస్తే, గొంతు ఎలా ఉందో వినండి. సాగదీసి అన్నారంటే మన ‘చూద్దాంలే’. మా పాత కంపెనీ ముదీర్, అంటే మేనేజరు, నాకు మూడేళ్లు ఇన్షా అల్లా చెప్పాడు. నాలుగో ఏడాది నేనే ‘ఖలాస్’, అంటే ఇక చాలు, అని చెప్పాను.

షూన్ వీసా, ఖాదిం వీసా అంటారు. తేడా ఏమిటి?

షూన్ అంటే ప్రైవేటు కంపెనీల కింద వచ్చేది, 18వ ఆర్టికల్. ఖాదిం అంటే ఇంటి పనికి వచ్చేది, 20వ ఆర్టికల్. వంట, పిల్లల పని, ఇంటి డ్రైవర్ అన్నీ దాని కిందికే వస్తాయి. ‘ఖాదిం మీద రా, వచ్చాక కంపెనీకి మార్పిస్తా’ అనే ఏజెంటు మాట నమ్మొద్దు. 20 నుంచి 18కి మారే వీలు అన్ని వేళలా ఉండదు. 2024లో జూలై 14 నుంచి సెప్టెంబరు 12 దాకా రెండు నెలలు తెరిచి మళ్లీ మూసేశారు. ఖాదిం వీసా మీద వచ్చి బయట ఇంకెక్కడో పని చేస్తే, దొరికిన రోజు నేరం మీదే అవుతుంది గానీ వీసా అమ్మినవాడిది కాదు. నిజానికి వాడిదీ నేరమే, వాడు దొరకడు.

ఇంటి పనికి వెళ్లే ఆడవాళ్లు ఏం తెలుసుకుని వెళ్లాలి?

ముందు చట్టం. ఇంటి పనివాళ్ల కోసం 2015లో 68వ నంబరు చట్టం వచ్చింది. రోజుకు 12 గంటలకు మించి పని చేయించకూడదు. వారానికి ఒక రోజు సెలవు, ఏడాదికి 30 రోజులు జీతంతో సెలవు ఇవ్వాలి. పని మానేటప్పుడు పనిచేసిన ఏడాదికి ఒక నెల జీతం లెక్కన ఇవ్వాలి. 2016లో కనీస జీతం 60 దినార్లుగా పెట్టారు. ఇవన్నీ ప్రతి ఇంట్లో అమలవుతాయని నేను చెప్పను. ఇల్లు మంచిదైతే అన్నీ అమలవుతాయి, కాకపోతే కాగితం మీద ఉంటాయి. ఎంబసీ ఫోన్ నంబరు ఫోన్‌లోనే కాదు, ఒక చీటీ మీద రాసి బట్టల్లో పెట్టుకోండి. కొన్ని ఇళ్లల్లో ఫోన్ తీసి పెడతారు.

ఇక రోజువారీ సంగతులు. యజమానిని ‘బాబా’ అంటారు, ఆయన భార్యను ‘మామా’. మొదట్లో మా పిన్నికి నోరు తిరగలేదట, తనకంటే పదేళ్లు చిన్నదాన్ని అమ్మా అనడం. చిన్నపిల్లలు మాత్రం పిన్ని చేతుల్లోనే పెరిగి తెలుగు మాటలు పట్టేస్తారు. ఆ ఇంట్లో మూడోవాడు ‘నీళ్లు’, ‘వద్దు’, ‘దా’ మూడూ స్పష్టంగా అంటాడు.

కాఫీ పోసే మర్యాద ఒకటి నేర్చుకోవాలి. దల్లా అనే కొమ్ము పాత్ర ఎడమ చేతిలో, పిడి లేని చిన్న కప్పులు కుడి చేతిలో పట్టుకుంటారు. కప్పు నిండా పోయకూడదు, అడుగున కొంచెమే. నిండా పోస్తే ‘తాగి వెళ్లిపో’ అన్నట్టు. తాగినాయన కప్పును వేళ్లతో అటూ ఇటూ ఆడిస్తే చాలని అర్థం. ఆడించకుండా చాపితే మళ్లీ పోయాలి. మన ఇళ్లల్లో గ్లాసు అంచుదాకా పోయకపోతే పిసినారులంటారు. ఇది మరిచిపోయి పిన్ని మొదటి రోజే పెద్దాయనకు నిండు కప్పు ఇచ్చింది. ఆయన నవ్వాడు కాబట్టి సరిపోయింది.

తిండి సంగతి? అన్నం, గోంగూర దొరుకుతాయా?

దొరకనిది లేదు, ధరే వేరు. అబ్బాసియా కొట్లలో గోంగూర, మునక్కాయ, కరివేపాకు విమానంలో దిగుతాయి. గోంగూర కట్ట ధర చూసి కొట్టువాడితో వాదించకండి, అది మనకంటే ఖరీదైన టికెట్ మీద వచ్చింది. ఖుబ్బూస్ అనే ఇక్కడి రొట్టె మాత్రం చాలా చవక, నెలాఖరుకు అదే దిక్కు. వేడివేడి ఇరానీ రొట్టెలోకి మన ఎర్రకారం, నూనె కలిపి తిని చూడండి.

గోదావరి వాళ్లకు ఒక కబురు. ఇక్కడివాళ్లు ప్రాణం పెట్టే జుబేదీ అనే చేప మన చందువానే. రొయ్యల్ని ‘రుబియాన్’ అంటారు. షర్క్‌లో, ఫహాహీల్‌లో చేపల వేలంపాట చూడడానికైనా వెళ్లాలి. రాజోలు నుంచి వచ్చిన అన్న ఒకాయన అక్కడ చేప మొప్ప ఎత్తి చూసే తీరుకు అమ్మేవాడే ధర తగ్గించాడు.

రంజాన్‌లో మనం కూడా పస్తు ఉండాలా?

ఉపవాసం ఉండక్కర్లేదు. కానీ పగలు నలుగురిలో తినడం, తాగడం, సిగరెట్ కాల్చడం నేరం. 1968 నాటి 44వ చట్టం ప్రకారం 100 దినార్ల దాకా జరిమానా, నెల దాకా జైలు. మంచినీళ్లు కూడా లెక్కే. బస్టాపులో అలవాటుగా సీసా ఎత్తితే పక్కవాడే చెయ్యి పట్టుకుని ఆపుతాడు. కంపెనీల్లో పని వారానికి 48 గంటల నుంచి 36కు తగ్గాలి, అది ముస్లింలకు మాత్రమేనంటూ కొన్నిచోట్ల మనల్ని పూర్తి గంటలు కూర్చోబెడతారు. సాయంత్రం మసీదుల దగ్గర ఇఫ్తార్ భోజనం పెడతారు. మతం అడగరు. ఎండలో పనిచేసి వచ్చిన మనవాళ్లు ఎందరో ఆ బిర్యానీతో నెల గడుపుతారు. ఆ నెలలో ఇంటి పనివాళ్లకు మాత్రం నిద్ర కరువు. వంటలు తెల్లవారుజాము దాకా సాగుతాయి.

దుమ్ము తుఫాను వస్తే ఏం చేయాలి? వాన పడుతుందా?

దుమ్మును ఇక్కడ ‘తోజ్’ అంటారు. ఆకాశం ముందు పసుపు, తర్వాత ఇటుక రంగు తిరుగుతుంది. కిటికీ సందుల్లో, తలుపు కింద తడి తువ్వాళ్లు కుక్కడమే. ఆస్తమా ఉంటే పంపు జేబులో పెట్టుకోండి. మర్నాడు పళ్ల మధ్య ఇసుక కరకరమంటుంది.

వానలు చలికాలంలోనూ ఏప్రిల్‌లోనూ కొద్ది రోజులే. కానీ పడితే రోడ్డు చెరువే. 2018 నవంబరులో కార్లు మునిగాయి. డిసెంబరు, జనవరిలో చలి గట్టిగానే ఉంటుంది. అప్పుడు కువైటీలు మేడలు వదిలి ఎడారిలో గుడారాలు వేసుకుంటారు. మా పిన్ని వంట కూడా అక్కడే.

అడ్రస్ ఎలా చెప్పాలి?

‘మర్రిచెట్టు పక్కన, రామాలయం ఎదురుగా’ కుదరదు. ఖితా అంటే బ్లాకు, షారే అంటే వీధి, జాద్దా అంటే సందు, ఆ తర్వాత ఇంటి నంబరు. ఇంటి గోడ మీద చిన్న పలకలో ఇంకో నంబరుంటుంది. దాన్ని కువైట్ ఫైండర్ యాప్‌లో కొడితే ఇల్లు చూపిస్తుంది. ఇంటి పనికి వెళ్లిన ఆడవాళ్లు మొదటి రోజే ఆ పలకను ఫోటో తీసి ఊరికి పంపాలి. ఎక్కడున్నావని అడిగితే ‘పెద్ద తెల్ల ఇల్లు’ అని చెప్పినవాళ్లను వెతకడం నాకు తెలుసు. ఇక్కడ ఇళ్లన్నీ పెద్దవే, అన్నీ ఆ రంగే.

మందు దొరుకుతుందా?

నిషేధం. దొంగచాటుగా దొరికేదాని జోలికి పోవద్దు. 2025 ఆగస్టులో కల్తీ సారాలో మిథనాల్ కలిసి 23 మంది చనిపోయారు, ఇంకొందరికి చూపు పోయింది.

పాతవాళ్లు మాటల్లో ‘గజూ’ అంటారు. అదేమిటి?

1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం వచ్చి పడడం. అప్పుడు లక్షన్నరకు పైగా భారతీయులు బస్సుల్లో జోర్డాన్‌లోని అమ్మాన్ చేరి, అక్కడి నుంచి ఎయిరిండియా విమానాల్లో ఇంటికి వెళ్లారు. మా ఊళ్లో ఆ విమానమెక్కి వచ్చిన పెద్దాయన ఒకరు, సంపాదనంతా అక్కడే వదిలి చేతిసంచితో దిగి, రెండేళ్లకు మళ్లీ వెళ్లాడు. ఫిబ్రవరి 25, 26 తేదీల్లో జెండాలతో కార్లు తిరిగే సెలవులు వస్తాయి. మొదటిది జాతీయ దినం, రెండోది 1991లో విముక్తి వచ్చిన రోజు.

ఇంటికి ఫోన్, డబ్బు, సెలవు: వీటిలో తికమకలేమిటి?

మన టైమ్‌కు రెండున్నర గంటలు వెనక ఉంటాం. ఇక్కడ పని ముగించి రాత్రి 9కి ఫోన్ చేస్తే అక్కడ 11:30, పిల్లలు నిద్రలో ఉంటారు. అందుకే మా రూములో తెల్లవారుజాము నాలుగున్నరకే ఫోన్లు మొదలవుతాయి. బడికి వెళ్లేముందు పిల్లల మొహం చూడాలంటే అదే వేళ.

డబ్బు పంపేవాళ్లు రేటు కోసం కాచుక్కూర్చుంటారు. రూపాయి పడిపోయిందని వార్త వస్తే ఊళ్లో బాధ, ఇక్కడ ఎక్స్ఛేంజ్ ముందు క్యూ. నా అనుభవంలో, రేటు ఇంకా పెరుగుతుందని నెల ఆగినవాడు ఊళ్లో ఆ నెలకు కట్టే వడ్డీ మర్చిపోతాడు.

సెలవు మీద వెళ్లేటప్పుడు కొత్త సంగతి ఒకటి. 2025 జూలై 1 నుంచి షూన్ వీసా వాళ్లు దేశం దాటాలంటే కంపెనీ ఒప్పుకున్న ఎగ్జిట్ పర్మిట్ ఉండాలి. టికెట్ కొనేముందే సహెల్‌లో చూసుకోండి. ఇక లగేజీ. పాలపొడి, టాంగ్, బాదం, సెంట్లు, తలనొప్పి తైలం, దుప్పట్లు అన్నీ అట్టపెట్టెలో కుక్కి, తాళ్లతో బిగించి, నాలుగు వైపులా పేరు రాస్తారు. ప్రతి రూములో కొక్కేనికి వేలాడే త్రాసు ఒకటుంటుంది. అయినా ఎయిర్‌పోర్టులో రెండు కిలోలు ఎక్కువే తూగుతుంది. అప్పుడు తీసి ఒంటి మీద తొడుక్కునేది జాకెట్టు. మే నెలలో మద్రాసులో దిగేవాడు జాకెట్టుతో ఉన్నాడంటే కోయిటు నుంచే.

వచ్చేటప్పుడు ఊరి నుంచి ఏం తేవాలి? ఏం తేకూడదు?

పచ్చళ్లు, పొడులు, రెండు కాటన్ లుంగీలు, చదువు సర్టిఫికెట్ల నకళ్లు, కళ్లద్దాలుంటే ఇంకో జత. మందులు తెస్తే డాక్టరు చీటీతో సహా తేవాలి. గసగసాలు వద్దు. గల్ఫ్‌లో చాలాచోట్ల వాటిని మత్తుపదార్థం కిందే చూస్తారు. కాబట్టి మసాలా పొడి ఇంట్లో కొట్టించేటప్పుడే అమ్మకు చెప్పండి. గుట్కా కూడా వద్దు.

ఎదురింటివాళ్లు ‘మా వాడికి ఈ పొట్లం ఇచ్చెయ్యి నాయనా’ అని తెస్తారు. మొహమాటపడొద్దు. వాళ్ల ముందే విప్పండి, డబ్బా మూత తీసి గరిటె పెట్టి అడుగుదాకా కలిపి చూడండి, మళ్లీ మీ చేత్తోనే కట్టండి. విప్పడానికి ఒప్పుకోకపోతే ఎంత చుట్టమైనా తీసుకోవద్దు. మా మేనమామ ఇచ్చిన అరిసెల డబ్బాను నేను అలాగే విప్పితే ఆయన రెండేళ్లు నాతో మాట్లాడలేదు. అరిసెలు మాత్రం బాగున్నాయి.